ఇంట్లో తిరిగే ఇగ్వానా – దాని క్షేమం, మన పిల్లల క్షేమం

హైదరాబాదులో చదువుకునే పిల్లలు, ఉద్యోగాలు చేసే పిల్లలు ఇగ్వానా అనే పచ్చని బల్లిజాతి జీవిని కొని ఇంటికి తెస్తున్నారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఇళ్లలో దానిని చూసిన పెద్దలు “ఇది ఉడుమా?” అని అడుగుతారు. కాదు. ఉడుము మన నేలమీది మాంసాహారి. దానిని పట్టినా, ఇంట్లో ఉంచినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇగ్వానా మధ్య, దక్షిణ అమెరికాలలో చెట్ల మీద బతికే శాకాహారి. జానెడు పిల్లగా కొన్నది కొన్నేళ్లలో తోకతో కలిపి నాలుగైదు అడుగులు పెరుగుతుంది. బాగా చూసుకుంటే పదిహేనేళ్లు కూడా బతుకుతుంది.

అంత పెద్ద జీవిని ఎప్పుడూ బోనులో ఉంచలేక ఇంట్లో వదులుతారు. దానికి కదలిక అవసరమే. అయితే మేము చెప్పేది ఒక్కటే: దానికి ఒక గది ఇవ్వండి, ఇల్లంతా ఇవ్వకండి. వంటగదిలోకి అసలే రానివ్వకండి.

గదిలో తీసుకోవలసిన జాగ్రత్తలు

పాకే పసిబిడ్డ కోసం ఇల్లు ఎలా సర్దుతామో ఈ గదినీ అలాగే సర్దాలి. తేడా ఏమిటంటే, బిడ్డ నేల మీదే ఉంటుంది, ఇగ్వానా పైకి ఎక్కుతుంది.

1. కర్టెను పట్టుకొని బీరువా మీదికి ఎక్కి, అక్కడి నుండి దూకుతుంది. అది విడిగా ఉన్నంతసేపు సీలింగ్ ఫ్యాను వేయకండి.

2. చలికాలం రాత్రి వెచ్చదనం కోసం ఫ్రిజ్ వెనుక, ఇన్వర్టరు పక్కన, దుప్పట్ల కింద దూరుతుంది. తలుపు వేసే ముందు, పరుపు మడిచే ముందు, వాషింగ్ మెషీన్ తిప్పే ముందు అది ఎక్కడుందో చూడండి. వెచ్చదనానికి పెట్టిన బల్బును తాకితే ఒళ్లు కాలుతుంది కనుక బల్బుకు జాలీ తొడగండి.

3. నాణేలు, హెయిర్ పిన్నులు, రబ్బరు బ్యాండ్లు, దారాలు నేల మీద ఉండకూడదు. మింగితే పేగులకు అడ్డుపడతాయి.

4. గన్నేరు, ఉమ్మెత్త దానికి విషం. ఆ కుండీలు, కొమ్మలు గదిలో వద్దు. వడ్లు, బియ్యం నిల్వ చేసే ఇళ్లలో ఎలుకల మందు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. దోమల చుట్ట పొగ కూడా ఆ గదిలో పెట్టవద్దు.

5. కిటికీలకు గట్టి జాలీ ఉండాలి. బయటికి పోతే కుక్కలు, కోతులు వదలవు.

6. పారిపోతుంటే తోక పట్టి లాగకండి, తెగిపోతుంది.

ఎండ, తిండి

ఎండ తగలని బిడ్డకు విటమిన్ డి చాలక రికెట్స్ వచ్చినట్లే, ఇగ్వానాకూ ఎముకలు మెత్తబడతాయి. దవడ వాస్తుంది, కాళ్లు వంకర పోతాయి. గాజు కిటికీ గుండా వచ్చే ఎండ సరిపోదు, అవసరమైన కిరణాలను గాజు ఆపేస్తుంది. ఉదయం లేత ఎండ నేరుగా తగలాలి, పక్కనే నీడ కూడా ఉండాలి. మన వైపు మే నెలలో 43, 44 డిగ్రీల ఎండ కాస్తుంది. అప్పుడు మేడ మీద గాని, కరెంటు పోయిన మూసిన గదిలో గాని వదిలితే ప్రాణం పోతుంది.

మునగాకు, మందార ఆకులు, మందార పూలు, గుమ్మడికాయ తురుము మంచివి. పాలకూరను రోజూ పెట్టకండి, అది కాల్షియంను ఒంటికి పట్టనివ్వదు. మాంసం, గుడ్డు వద్దు.

మన ఆరోగ్యం

ఇగ్వానా పేగుల్లో సాల్మొనెల్లా అనే క్రిమి ఉండవచ్చు. దానికి ఏ జబ్బూ కనిపించదు. క్రిమి మలంతో బయటికి వచ్చి చర్మానికి, గోళ్లకు అంటుకొని, అది నడిచిన చోటికల్లా చేరుతుంది. అందుకే ఇల్లంతా వదలవద్దని అంటున్నాము. బిడ్డ దానిని ముట్టుకోకపోయినా నేల నుండి, తల్లి చేతుల నుండి, బట్టల నుండి క్రిమి బిడ్డ నోటికి చేరగలదు. తాబేలు పిల్లల వలన పిల్లలకు ఈ జబ్బు వస్తుండటంతో అమెరికాలో 1975లో నాలుగు అంగుళాల కంటే చిన్న తాబేళ్ల అమ్మకాన్నే నిషేధించారు.

ఆరోగ్యవంతులకు జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు వచ్చి సాధారణంగా వారంలో తగ్గుతాయి. కాని పసిపిల్లలలో క్రిమి రక్తంలోకి, మెదడు పొరలలోకి చేరే ప్రమాదం ఉంది. కనుక ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, వృద్ధులు, క్యాన్సరు మందులు వాడేవారు ఉన్న ఇంట్లో ఇగ్వానాను పెంచకపోవడమే మంచిది.

పెంచేవారు దానిని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోవాలి. దాని గిన్నెలను వంటగదిలో కడగరాదు. స్నానానికి వేరే టబ్బు పెట్టి, ఆ నీటిని మరుగుదొడ్డిలో పోయాలి. ముద్దు పెట్టుకోరాదు.

కరిస్తే, గీరితే ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి రండి. ధనుర్వాతం సూది అవసరం కావచ్చు. కుక్కకాటు సూది అవసరం లేదు, ఎందుకంటే బల్లి జాతి జీవుల వలన రేబిస్ రాదు.

నమోదు, వైద్యం

2024లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఇటువంటి విదేశీ జీవులను పెంచేవారు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. కొనేటప్పుడే కాగితాలు అడిగి తీసుకోండి. ఇటువంటి జీవులను చూసే పశువైద్యులు అన్నిచోట్లా ఉండరు. జబ్బు చేయకముందే హైదరాబాదులో విచారించి ఫోను నంబరు రాసి ఉంచుకోండి.

చివరగా తల్లులకు ఒక మాట. బిడ్డకు జ్వరంతో విరేచనాలు అవుతున్నా, మలంలో రక్తం కనిపించినా ఓ.ఆర్.ఎస్. తాగిస్తూ వెంటనే తీసుకురండి. “మా ఇంట్లో ఇగ్వానా ఉంది” అని మీరే ముందుగా డాక్టరుగారికి చెప్పండి. మీరు చెప్పకపోతే ఆ అనుమానం ఎవరికీ రాదు.