చెరసాలలో తెరిచిన విద్యాలయం

ఖరగ్‌పూర్ అనగానే తెలుగువారికి ముందు స్ఫురించేది రైలు. బెంగాల్–నాగపూర్ రైల్వే రోజులలో వాల్తేరు మార్గాన వచ్చి, ఇక్కడి వర్క్‌షాపులలో పనికి కుదిరి, తరతరాలుగా ఈ గడ్డమీదే స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. 1928లో ఈ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించిన వి.వి. గిరి అనంతరకాలంలో రాష్ట్రపతి అయినారు. ఇక్కడి 1072 మీటర్ల ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదని చిరకాలం చెప్పుకున్నారు. 2013లో గోరఖ్‌పూర్ ఆ కీర్తిని తన్నుకుపోయింది. కాని ఈ ఊరిలో చూడవలసిన కట్టడం స్టేషను కాదు. హిజ్లీలో, నడుమ ఎత్తయిన బురుజుతో నిలిచి ఉన్న పాత నిర్బంధ శిబిరం.

1930లో ఒకవైపు ఉప్పు సత్యాగ్రహం, మరొకవైపు చిట్టగాంగ్ ఆయుధాగారంపై దాడి. బెంగాల్ జైళ్లు క్రిక్కిరిసిపోయినవి. విచారణ లేకుండా నిర్బంధించిన యువకులను ఉంచడానికి మొదట బక్సా కోటలోను, ఆపైన హిజ్లీలోను ప్రభుత్వం శిబిరాలు తెరిచింది. వీరు ఏ న్యాయస్థానమూ శిక్షించిన ఖైదీలు కారు, కేవలం అనుమానితులు.

1931 సెప్టెంబరు 16 రాత్రి కాపలా సిపాయిలు ఆ నిరాయుధులపై తుపాకులు పేల్చారు. సంతోష్‌కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా నేలకొరిగారు. మరెందరో గాయపడ్డారు. భౌతిక కాయాలను తీసుకొనిపోవడానికి సుభాస్ చంద్రబోస్ స్వయంగా హిజ్లీ వచ్చారు. పది రోజుల తరువాత కలకత్తా మైదానంలో జరిగిన నిరసన సభకు డెబ్బై ఏళ్ల రవీంద్రుడు అనారోగ్యంతోనే వచ్చి అధ్యక్షత వహించారు. ప్రభుత్వం తానే నియమించిన విచారణ సంఘం సైతం ఆ విచక్షణారహితమైన కాల్పులను సమర్థించలేకపోయింది. అయినా శిబిరం వెంటనే మూతపడలేదు. 1937లో మూసి, 1940లో మళ్లీ తెరిచి, 1942లో శాశ్వతంగా మూసివేశారు. యుద్ధకాలంలో అమెరికన్ వైమానిక దళం అక్కడ మకాం పెట్టింది.

స్వాతంత్ర్యం వచ్చినది. ఉన్నత సాంకేతిక విద్యాసంస్థలు నెలకొల్పాలని నళినీరంజన్ సర్కార్ సంఘం అప్పటికే సూచించి ఉన్నది. 1950 మేలో కలకత్తా ఎస్ప్లనేడ్‌లో ఆరంభమైన తొలి సంస్థ ఆ సెప్టెంబరులోనే హిజ్లీకి తరలివచ్చింది. కొత్త భవనాలు కట్టేంతవరకు ఆగే ఓపిక ఆనాటివారికి లేదు కాబోలు! 1951 ఆగస్టులో 224 మంది విద్యార్థులు, 42 మంది అధ్యాపకులతో చదువు మొదలయినది. తరగతులు, ప్రయోగశాలలు, కార్యాలయం అన్నీ ఆ చెరసాల గోడల నడుమనే. ఆ నెల 18న మౌలానా ఆజాద్ ప్రారంభోత్సవం చేశారు. ఆయనా ఎన్నో ఏళ్లు జైళ్లలో గడిపినవారే. 1956లో తొలి స్నాతకోత్సవానికి వచ్చిన నెహ్రూ కూడా ఈ పరిణామాన్ని ప్రస్తావించకుండా ఉండలేకపోయారు.

మన ఇళ్లలో ఐ.ఐ.టి. అన్న మూడక్షరాలను జపించని తల్లిదండ్రులు అరుదు. ఆ మాట తొలిసారి ఏ గదులలో వాడుకలోకి వచ్చినదో పిల్లలకు చెప్పేవారు మాత్రం మరీ అరుదు.

నేడు ఆ భవనంలో 1990లో నెలకొల్పిన నెహ్రూ శాస్త్ర సాంకేతిక ప్రదర్శనశాల ఉన్నది. యంత్రాలు చూడడానికి బడిపిల్లలు బారులు తీరి వస్తారు. ఇక కలకత్తాలో సంతోష్ మిత్ర స్క్వేర్ అంటే తెలియనివారు లేరు. దసరాకు అక్కడ వేసే దుర్గాపూజ పందిరి అంత ప్రసిద్ధం.