పోలియో చుక్కలతో పాటు సూదిమందు ఎందుకు?

సూదిమందు వేయించిన బిడ్డకు మళ్లీ చుక్కలెందుకన్న ప్రశ్నకు సమాధానం పేగులో ఉంది. పోలియో వైరస్ నోటి ద్వారా ప్రవేశించి అక్కడే వృద్ధి చెందుతుంది. ఒకసారి వైరస్‌ను ఎదుర్కొన్న జ్ఞాపక కణాలలో కొన్ని రక్తంలో సంచరించగా, మరికొన్ని పేగు, ఊపిరితిత్తులు, చర్మంలోనే స్థిరపడి, శత్రువు తిరిగి వచ్చిన చోటనే ఎదుర్కొంటాయి. పోలియో విషయంలో పేగు గోడలోని కణాలు స్రవించే ప్రతిరక్షకాలదే ప్రధాన పాత్ర.

చుక్కల మందు ఈ స్థానిక రక్షణను నెలకొల్పుతుంది. సూదిమందు పక్షవాతాన్ని నివారించగలదు గాని, చుక్కలు పొందని బిడ్డ పేగులో వైరస్‌ను అంతగా అడ్డుకోలేదు. చుక్కలు పొందిన పిల్లలకు సూది వేస్తే పేగు రక్షణ తిరిగి బలపడుతుందని వెల్లూరులో జరిపిన, 2014లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది.

దేశంలో సహజ పోలియో చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది. అయినా 2016లో హైదరాబాద్ మురుగునీటిలో టీకా నుంచి రూపాంతరం చెందిన టైప్-2 వైరస్ బయటపడింది. టైప్-2ను చుక్కల మందు నుంచి ఆ ఏడాది ఏప్రిల్‌లోనే తొలగించినందున, హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాలలో సుమారు 3 లక్షల మంది పిల్లలకు సూదిమందే వేశారు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వలస వెళ్లే కూలీల బిడ్డలకు 6, 14 వారాలు, 9 నెలల సూదులు తప్పిపోయే అవకాశం ఎక్కువ. కుటుంబం ఊరు చేరిన వెంటనే వారి టీకా కార్డులను క్షేత్ర సిబ్బంది పరిశీలించవలసి ఉంటుంది.