వాడిన పూలగుత్తిలోంచి కొత్త గులాబీ మొక్క

పుట్టినరోజుకో, పెళ్లిరోజుకో, అబ్బాయి ఉద్యోగంలో చేరాడనో మన ఇళ్లకి పూలగుత్తులు వస్తూనే ఉంటాయి. రెండ్రోజులు టీవీ పక్కన ముచ్చటగా ఉంటాయి. మూడో రోజుకి తలలు వాల్చేస్తాయి. ఆ మర్నాడు చెత్తబుట్టలోకి! ఒక్కో గులాబీకి పెట్టిన డబ్బు తలచుకుంటే మనసు ఉసూరుమంటుంది కదూ? పారేసేముందు ఆ కాడల్ని ఒకసారి పరీక్షగా చూడండి. కాడ మీద గోటితో కొద్దిగా గీకితే లోపల పచ్చగా కనిపించిందా, అయితే దానికి ప్రాణం ఉన్నట్టే. అది మీ పెరట్లో మొక్క కావచ్చు.

అయితే అన్ని పూలకాడలూ మొలవవు. కాడకి కణుపు ఉండాలి, కణుపు దగ్గర ఆకు, ఆకు మొదట్లో చిన్న కన్ను ఉండాలి. ఆ కన్నే రేపు కొమ్మవుతుంది. గులాబీకి, చామంతికి ఇవి ఉంటాయి. జెర్బెరా చూడండి, కింద నుంచి పైదాకా నున్నటి కాడ, ఆకూ లేదు, కన్నూ లేదు. ఎన్నాళ్లు నీళ్లలో పెట్టినా కుళ్లడమే. మనం లిల్లీలని మాలల్లో కట్టే తెల్లపూలు, గ్లాడియోలస్ పూలు దుంప నుంచే రావాలి. కార్నేషన్ వేళ్లు వేస్తుంది గానీ అది చల్లటి చోటి మొక్క. మన ఎండలకి తట్టుకోలేదు, నేనైతే దాని జోలికి పోను. పూజకి తెచ్చుకునే విడి గులాబీలకి అంగుళం కాడ కూడా ఉండదు కాబట్టి వాటితోనూ పని లేదు.

ఇక గులాబీ సంగతి. పూరేకులన్నీ రాలేదాకా ఆగకండి. పువ్వు వాడటం మొదలవగానే కాడ తీసేయండి. పెన్సిలంత లావున్న కాడ అయితే మంచిది. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ముక్క చాలు. కింద భాగం కణుపుకి కాస్త దిగువన ఏటవాలుగా, పైభాగం కణుపుకి పావు అంగుళం పైన కొయ్యండి. కత్తెరతో నలిపేయకుండా పదునైన బ్లేడుతోనో కత్తితోనో కొయ్యాలి. పువ్వు, మొగ్గలు తీసేయాల్సిందే. జాలిపడి ఉంచారో, కాడలో ఉన్న సత్తువంతా అవే లాగేసుకుంటాయి. కింది ఆకులు తుంచేసి పైన రెండే ఉంచండి. అవీ పెద్దవైతే సగానికి కత్తిరించండి.

నర్సరీల్లో వేళ్లు రావడానికి రూటింగ్ హార్మోన్ పొడి అని చిన్న డబ్బా అమ్ముతారు. కాడ మొదలు తడిపి ఆ పొడిలో అద్ది, ఎక్కువైంది దులిపేయండి. బంగాళాదుంపకి గుచ్చి నాటమని అందరూ చెబుతుంటారు. మట్టిలో దుంప కుళ్లి, దాంతోపాటు కాడా పోతుంది. ఆ దుంపేదో వేపుడికి ఉంచుకోండి!

ఏటి ఇసుక, కోకోపీట్ సమానంగా కలిపి, అడుగున చిల్లులు పెట్టిన నూనె ప్యాకెట్‌లోనో పాత డబ్బాలోనో నింపండి. ఇప్పుడే పేడ ఎరువు వేయకండి, కాడ కుళ్లుతుంది. ముందు పుల్లతో గుంట చేసి, ఆ తర్వాతే కాడ దించాలి, లేకపోతే అద్దిన పొడి కాస్తా పైనే తుడుచుకుపోతుంది. రెండు కణుపులు లోపల ఉండాలి. తడిపి, అడుగు కోసేసిన రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ పైన బోర్లించండి. రోజూ ఓ గంటసేపు మూత తీస్తే గాలి ఆడుతుంది. వెలుతురు ఉండాలి గానీ ఎండ తగలకూడదు. పై మట్టి ఆరితేనే నీళ్లు.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. పది పదిహేను రోజులకే ఎర్రటి చిగురు వచ్చేస్తుంది. బతికేసిందనుకుని కుండీలోకి మార్చేస్తారు, వారంలో చచ్చిపోతుంది. ఆ చిగురు కాడలో దాచుకున్న బలంతో వచ్చింది, వేళ్లతో కాదు. వేళ్లు రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పీకి చూడకండి. డబ్బా అడుగు చిల్లుల్లోంచి తెల్లటి వేళ్లు కనిపించేదాకా కదపొద్దు. ఆ తర్వాత కూడా బాటిల్ ఒకేసారి తీసేయకుండా వారం రోజులు కాసేపు కాసేపు తీస్తూ అలవాటు చేయండి.

నా లెక్కలో పది కాడలకి మూడు బతికితే లాభమే. బెంగళూరు, హోసూరు వైపు షెడ్లలో పెంచిన పొడుగుకాడ గులాబీలు చలిగదుల్లో ఉండి వస్తాయి కాబట్టి ఇంకా తక్కువే బతుకుతాయి. పైగా అవి ఎక్కువగా అంటు మొక్కల మీద పెంచినవి. సొంత వేళ్ల మీద మొదటి ఏడాది నీరసంగానే ఉంటాయి. నాటు గులాబీ అలా కాదు, మొండిది.

2018లో మా పుట్టింటి స్థలం అపార్ట్‌మెంట్లకి ఇచ్చేశారు. పెరటి గోడవార అమ్మ పెంచిన నాటు గులాబీ ఉండేది, అంట్లు కడిగిన నీళ్లే దానికి. పెకలించి తెచ్చుకుందామంటే ముదిరిన మొదలు, గోడ కిందకి పాకిపోయింది. ఇల్లు ఖాళీ చేసేముందు వచ్చిన శ్రావణ శుక్రవారం నాడు అమ్మ కోసి, దేవుడి దగ్గర చెంబులో పెట్టిన పూలకాడలు పన్నెండు. వాటినే తడిగుడ్డలో చుట్టి తెచ్చాను. నాలుగు బతికాయి. ఒకటి నా దగ్గర, ఒకటి చెల్లెలి దగ్గర, ఒకటి వదిన వాళ్ల డాబా మీద. నాలుగోది అమ్మ ఇప్పుడుంటున్న తమ్ముడి ఫ్లాట్ బాల్కనీలో. అమ్మ ఫోన్ చేస్తే నా మోకాళ్ల నొప్పుల కంటే ముందు, “నీది మొగ్గేసిందా?” అనే అడుగుతుంది.

చామంతి దీనికంటే సులువు. గుత్తిలో వచ్చిన కాడకి పక్కన పిలకలుంటే మూడు నాలుగు అంగుళాల లేత కొనలు తుంచి ఇసుకలో గుచ్చండి. రెండు మూడు వారాల్లో వేళ్లేస్తాయి. పగలు తగ్గి రాత్రి పెరిగే రోజుల్లోనే చామంతి మొగ్గ వేస్తుంది, అందుకని రాత్రిళ్లు వీధి దీపం పడే చోట కుండీ పెట్టకండి. పూలమాలలో వచ్చిన మరువం రెమ్మ వాడకపోతే అదీ గుచ్చి చూడండి, తేలిగ్గా అంటుకుంటుంది. బంతికి ఇంత హడావిడి ఏమీ లేదు. గుమ్మానికి కట్టి ఎండిన దండలో నల్లబడిన గింజలుంటే మట్టిలో చల్లేయండి. హైబ్రిడ్ బంతి అయితే తల్లిలాంటి పువ్వే వస్తుందని మాత్రం చెప్పలేం.

ఇవన్నీ వానలు పడ్డాక, కార్తీకం దాకా చేసుకుంటే మంచిది. రోహిణి కార్తె ఎండల్లో మొదలుపెట్టి కాడల్ని చంపుకోకండి.

వేళ్లు వచ్చిన గులాబీని ఎనిమిది అంగుళాల కుండీలోకి మార్చి, ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేయండి. మెల్లగా ఎండకి అలవాటు చేసి, తర్వాత రోజుకి ఐదారు గంటల ఎండ తగిలేలా చూడండి. మొదటి మొగ్గలు తుంచేయండి. ఇంకో సంగతి, పూలకొట్టు గులాబీల రేకులతో గుల్కంద్ చేయకండి, వాటి మీద మందులు కొడతారు. మీ మొక్క పూశాక, పురుగుమందు కొట్టని ఆ రేకులకి అంతే బరువు పంచదార కలిపి సీసాలో ఎండబెట్టుకోండి.