ఒక్కనాటి పువ్వు

ఉదయం విచ్చి సాయంత్రానికి వాడిపోయే పువ్వులు మనకు కొత్త కావు. మందారం అలాంటిదే గదా! అయితే ఆ గుణాన్నే పేరుగా పెట్టుకున్న మొక్క ఒకటి వున్నది. దానినే డేలిల్లీ అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు హెమెరోకాలిస్. గ్రీకు భాషలో ‘హెమెరా’ అంటే దినము, ‘కాలోస్’ అంటే అందము. మా యింట్లో మాత్రం దీన్ని ‘ఒక్కనాటి పువ్వు’ అని పిలుచుకుంటున్నాము.

దీని పుట్టినిల్లు చైనా, జపాన్, కొరియా దేశాలు. చైనావారు దీన్ని ‘దుఃఖం మరపించే మొక్క’ అంటారు. పూర్వం కొడుకు దూరదేశం వెళ్లేటప్పుడు, తల్లికి దిగులు తగ్గాలని, ఆమె వుండే గది ముందు ఈ మొక్క నాటి వెళ్లేవాడట.

వీటిలో అరచేయంత పెద్ద పువ్వులు పూసేవి వున్నాయి, చిన్నవీ వున్నాయి. మూడు అంగుళాలనుంచి నాలుగున్నర అంగుళాలలోపు వెడల్పుంటే చిన్నపూల రకమనీ, మూడు అంగుళాలకు లోపైతే మరుగుజ్జు పూల రకమనీ లెక్క. అమెరికాలో వాల్టర్ జబ్లోన్‌స్కీ అనే ఆయన 1975లో నమోదు చేయించిన ‘స్టెల్లా డి ఓరో’ ఈ రెండవ కోవలోది. అడుగెత్తు మొక్క, పసుపుపచ్చని పువ్వు. ఒకసారి పూసి వూరుకోక మళ్లీ మళ్లీ పూస్తుంది. 1985లో దానికి డేలిల్లీలకిచ్చే అత్యున్నత పతకం దక్కింది.

పేరు విని తొందరపడవద్దు. అది చలికాలంలో ఆకు పోగొట్టుకుని నిద్రపోయే జాతి. మన పక్క దానికి తగినంత చలి వుండదు. ఏడాది పొడుగునా ఆకు పచ్చగా వుండే రకాలు మన వేడికి మేలు. మొక్కలు అమ్మేవారిని అదే అడగండి.

జనగామలో మాది ఎర్ర చల్క నేల. గుంట తవ్వి, బాగా మాగిన పశువుల ఎరువు సగానికి సగం కలిపి, వేళ్లు నలువైపులా పరచి నాటాను. ఆకులు మొదలయ్యే చోటు మట్టిలో అంగుళానికి మించి దిగరాదు. లోతైతే పూత తగ్గుతుంది. మొక్కకూ మొక్కకూ అడుగున్నర ఎడం వుండాలి. ఉదయపు ఎండ పూర్తిగా తగలాలి, మధ్యాహ్నం కాస్త నీడ కావాలి. మాకు ఆ నీడ జామచెట్టు ఇచ్చింది. నీరు నిలిస్తే దుంప కుళ్లుతుంది గనుక మడిని కొంచెం ఎత్తు చేశాను.

చిక్కల్లా వేసవి నీళ్లతోనే వచ్చింది. బోరు సన్నగిల్లిన రోజులవి. మా అత్తగారు సూటిగానే అడిగారు: “దేవునికి పెట్టెటట్టు లేదు, తలల పెట్టుకునెటట్టు లేదు. దీనికి నీళ్లెందుకు బిడ్డా?”

న్యాయమైన మాటే. బియ్యం కడిగిన నీళ్లూ కూరలు కడిగిన నీళ్లూ దీనికి చాలునని లెక్క చెప్పాను. మొదట్లో గడ్డి కప్పితే ఆ తడి నిలిచేది. అంతటితో వూరుకోక, ఆ చైనా తల్లుల కథ కూడా చెప్పాను. ఆమె మారు మాట్లాడలేదు. మా మరిది అమెరికాలో వుంటున్నాడు, వచ్చి నాలుగేళ్లయింది. మర్నాటినుంచి నీళ్ల గిన్నె ఆమె చేతిలోకి వెళ్లింది. ఒక్కొక్క కాడకు మొగ్గలెన్నో లెక్కపెట్టి, వాడిన పువ్వును తుంచి, “నేడు రెండు విచ్చినయి, రేపటికి ఒకటున్నది” అని ఫోనులో కొడుక్కు చెప్పటం మొదలుపెట్టారు. అదివరకు వాళ్ల మాటలు “తిన్నవా?” దగ్గరే ఆగిపోయేవి.

మూడేళ్లకు గుంపు ఒత్తయింది. అప్పుడు తవ్వి విడదీయటం అవసరం. పిలకకు వేళ్లు వుండేట్లు చీల్చి, ఆకులను సగానికి కత్తిరించి నాటాలి. వానలు తెరిపిచ్చాక ఈ పని చేశాము. 2016లో జిల్లాలు వేరయినా పాత వరంగల్లు చుట్టరికాలు వేరు కాలేదు గదా! మహబూబాబాదులో మా ఆడపడుచుకు మూడు పిలకలు, భూపాలపల్లిలో మా తమ్ముడికి మూడు పిలకలు ఇచ్చాము. పంచింది మా అత్తగారే.

ఒక హెచ్చరిక. డేలిల్లీ మొగ్గలను చైనావారు ఎండబెట్టి వండుకుంటారు. అది విని లిల్లీ అన్న పేరున్న ప్రతిదీ తినేదనుకోకూడదు. భూపాలపల్లి అడవులలో వానకాలం కనిపించే అడవినాభిని కూడా కొందరు లిల్లీ అంటారు. దాని దుంప ప్రాణాంతకమైన విషం. ఇంట్లో పిల్లిని పెంచేవారు డేలిల్లీని అసలు నాటకపోవటమే మంచిది. పిల్లుల మూత్రపిండాలను అది చెడగొడుతుంది.

ఈ భయాలు లేనివారికి రెండడుగుల నేలో, వెడల్పాటి కుండీయో చాలు. ఇంట్లో దూరాన వున్న బిడ్డకోసం ఎదురుచూసే పెద్దలుంటే, మడిని వారి కిటికీకి ఎదురుగా చేయండి.