బొమ్మకు రంగులేస్తూ ఎంతసేపు కూర్చోవచ్చు?

ప్రశ్న: వార్‌హామర్ బొమ్మలకు రంగులేయడం నాకు సరదా. సెలవురోజు కూర్చున్నానంటే మూడు నాలుగు గంటలు లేవను. మధ్యమధ్యలో లేవమని ఇంట్లో ఒకటే పోరు. నిజంగా లేవాలా? లేస్తే ఎంతసేపటికోసారి?

లేవాలి. ముందు సూటిగా జవాబు చెప్పుకుని, తర్వాత ఎందుకో చూద్దాం. కళ్ళకు 20 నిమిషాలకోసారి అర నిమిషం, మెడకూ చేతులకూ 40–45 నిమిషాలకోసారి ఐదారు నిమిషాలు తెరిపి ఇవ్వండి. కళ్ళు, మొహం, అంచుల మీద గీతలు లాంటి సన్నపని రోజుకు రెండు గంటలు దాటకపోతే మంచిది. ఈ అంకెలు అందరికీ ఒక్కలాగే సరిపోవు. ఒక్కోదాని వెనక ఒక్కో కారణం ఉంది. అది తెలిస్తే మీ వయసుకూ చూపుకూ తగ్గట్టు మీరే సవరించుకోవచ్చు.

అంత చిన్న బొమ్మలో అంత పనేముంటుంది?

ఈ సరదా సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బ్రిటన్‌లో 1975లో మొదలైన గేమ్స్ వర్క్‌షాప్ అనే సంస్థ, 1983లో వార్‌హామర్ అనే యుద్ధాల ఆటను తెచ్చింది. బల్ల మీద రెండు సైన్యాలను మోహరించి, పాచికలు వేసి ఆడే ఆట అది. ఇప్పుడు ఆ సంస్థ కేంద్రం నాటింగ్‌హామ్. సైనికుల బొమ్మలు ఎక్కువగా రంగుల్లేని ప్లాస్టిక్ ముక్కలుగా వస్తాయి. కొన్నవాళ్ళే ముక్కలు కత్తిరించి, అతికించి, ప్రైమర్ కొట్టి, రంగులు వేసుకోవాలి. ఆట ఆడకుండా రంగుల కోసమే బొమ్మలు కొనేవాళ్ళూ చాలామంది ఉన్నారు. వాళ్ళకోసం 1987 నుంచి గోల్డెన్ డీమన్ అనే పోటీ కూడా ఉంది.

ఈ ఆటల్లో పాతకాలపు కొలత ప్రకారం మామూలు మనిషి బొమ్మ, పాదాల నుంచి కళ్ళ దాకా, సుమారు 28 మిల్లీమీటర్లు. అంటే అసలు మనిషిలో దాదాపు 57వ వంతు. మన కన్ను అడ్డంగా సుమారు మూడు సెంటీమీటర్లు ఉంటుంది. ఆ లెక్కన బొమ్మ కన్ను అర మిల్లీమీటరు. అందంగా కనబడాలని తలను కాస్త పెద్దగా చేస్తారు గనక ఇంకొంచెం ఎక్కువ అనుకుందాం. ఆ జాగాలోనే ముందు నల్లగా పూయాలి, దాని మీద తెల్లటి అడ్డగీత గీయాలి, ఆ తెలుపు మధ్యలో నిలువుగా నల్లటి చుక్క పెట్టాలి. చుక్క కాస్త పక్కకు జరిగితే వీరుడు మెల్లకన్నువాడవుతాడు. ఇలాంటి కళ్ళు ఒక దళంలో పది జతలు, పూర్తి సైన్యంలో యాభై అరవై జతలు.

ముందుగా అలిసేది ఏది?

కళ్ళు. దూరంగా ఉన్నదాన్ని చూసేటప్పుడు కంటిలోని సిలియరీ కండరం వదులుగా ఉంటుంది. దగ్గరి వస్తువును చూడాలంటే ఆ కండరం బిగుసుకోవాలి. అప్పుడే కంటి కటకం ఉబ్బి, బొమ్మ స్పష్టంగా కనబడుతుంది. దాంతోపాటు రెండు కళ్ళూ ముక్కు వైపు తిరగాలి. వస్తువు ఎంత దగ్గరైతే అంత శ్రమ.

ఈ శ్రమను కళ్ళజోడు పవర్ లెక్కలోనే కొలవచ్చు. రంగులేసేవాళ్ళు బొమ్మను దాదాపు 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటారు. అంత దగ్గరి చూపుకు 5 పవర్ కావాలి. కన్ను సొంతంగా ఎంత పవర్ తెచ్చుకోగలదన్నది వయసుతో తగ్గుతుంది. కంటి వైద్యంలో వాడే సగటు సూత్రం ప్రకారం 20 ఏళ్ళవాడికి 12.5, 30 ఏళ్ళకు 9.5, 40కి 6.5, 45కి 5. ఉన్నదంతా వాడేస్తే కన్ను ఎక్కువసేపు నిలవదు. సగం వాడి సగం మిగుల్చుకుంటేనే చూపు హాయిగా సాగుతుందని ఒక లెక్క.

ఇప్పుడు పోల్చి చూడండి. 20 ఏళ్ళ కుర్రాడి ఉన్నదాంట్లో సగం అంటే 6.25. కావలసింది 5 గనక అతని కంటికి ఇబ్బంది లేదు. 30 దగ్గర సగం 4.75, అంటే అంచు మీద ఉన్నట్టు. 40 ఏళ్ళాయనకు సగం 3.25. ఆ పవర్‌తో హాయిగా కనబడే దూరం 30 సెంటీమీటర్లు, ఆయన బొమ్మను పట్టుకున్నది 20లో. 45 ఏళ్ళకు ఉన్నదంతా ఖర్చుపెడితేగానీ బొమ్మ కన్ను కనబడదు. చత్వారం రావడమంటే ఇదే. అందుకే ఒకే బల్ల దగ్గర కూర్చున్న తండ్రీకొడుకుల్లో కొడుకు గంటన్నర చూసినా తండ్రికి అరగంటకే కళ్ళు లాగుతాయి.

దీనికి విరుగుడు కూడా ఆ లెక్కలోనే ఉంది. తలకు తగిలించుకునే ప్లస్ 2 పవర్ భూతద్దం పెట్టుకుంటే, 40 ఏళ్ళాయన కన్ను తేవలసింది 5కు బదులు 3. అది ఆయన హాయి హద్దులోకి వచ్చేసింది. బాగా మైనస్ పవర్ ఉన్నవాళ్ళు సన్నపనికి కళ్ళజోడు తీసేస్తే ఈ భారం చాలావరకు తప్పుతుంది.

ఇంకోటి రెప్పపాటు. తీరిగ్గా ఉన్నప్పుడు నిమిషానికి పదిహేనుసార్లో, అటూ ఇటూగానో రెప్ప వేస్తాం. చిన్న చుక్క మీద దృష్టి పెట్టినప్పుడు అది సగానికో, ఇంకా తక్కువకో పడిపోతుంది. చుక్క పెట్టే క్షణంలో రెప్ప వేస్తామా? అందుకే కంటి మీది తడి ఆరిపోయి మంట, గరగర మొదలవుతాయి. ఫ్యాన్ గాలి మొహానికి కొడుతుంటే ఇంకా త్వరగా.

20 నిమిషాల లెక్క ఎక్కడిది?

అమెరికాలో కంటి పరీక్షలు చేసే నిపుణుడొకరు కంప్యూటర్ ముందు పనిచేసేవాళ్ళ కోసం చెప్పిన సూత్రం అది. 20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరాన్ని, 20 సెకన్లు చూడాలి. మూడు ఇరవైలు పెట్టింది గుర్తుండటానికే. పద్దెనిమిది నిమిషాలైనా పాతికైనా కొంపలేమీ మునగవు. అందులో గట్టి విషయం దూరం. 20 అడుగులు, అంటే ఆరు మీటర్లు దాటితే సిలియరీ కండరం దాదాపు పూర్తిగా వదులవుతుంది. కాబట్టి కిటికీ దగ్గరికి వెళ్ళి ఎదురింటి డాబా మీద ఆరేసిన బట్టలు చూసినా చాలు. నాలుగైదుసార్లు గట్టిగా రెప్పలు మూసి తెరవండి. ఆ అర నిమిషం ఫోన్ చూస్తే మాత్రం కంటికి తెరిపి దొరకనట్టే, ఫోన్ కూడా జానెడు దూరంలోనే ఉంటుంది మరి.

కదలకుండా కూర్చున్నదానికి మెడ ఎందుకు పట్టేస్తుంది?

కదలకపోవడం వల్లే. నడిచేటప్పుడు కండరం బిగుస్తూ వదులవుతూ ఉంటుంది, వదులైన ప్రతిసారీ రక్తం పారుతుంది. ఒకే భంగిమలో బిగబట్టి ఉంచితే, కండరం తనలోని రక్తనాళాలను తానే నొక్కుకుంటుంది. ఎంత బలంతో పట్టుకుంటే ఎంతసేపు నిలవగలమన్నదాన్ని 1960లో రోమెర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త గ్రాఫ్ గీసి చూపించాడు. పూర్తి బలంలో 15 శాతం లోపైతే చాలాసేపు పట్టి ఉంచవచ్చని ఆయన లెక్క. తర్వాత వచ్చినవాళ్ళు ఆ హద్దును ఇంకా తగ్గించారు. అంటే తేలిగ్గా ఉందనిపించే పట్టు కూడా, వదలకపోతే భారమే.

మన తల బరువు నాలుగున్నర, ఐదు కిలోలు. నిటారుగా ఉంటే ఆ బరువును వెన్నెముక మోస్తుంది. వంచేకొద్దీ మెడ వెనక కండరాలు లాగిపట్టుకోవాలి. 60 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం 27 కిలోల దాకా ఉంటుందని 2014లో న్యూయార్క్ వెన్నెముక సర్జన్ ఒకరు కంప్యూటర్ నమూనాతో లెక్కకట్టారు. అందుకని తలను బొమ్మ దగ్గరికి దించకండి, బొమ్మనే కంటి దగ్గరికి ఎత్తండి. మోచేతుల కింద రెండు లావుపాటి పుస్తకాలో, అట్టపెట్టెలో పెట్టుకుంటే సరిపోతుంది.

వేళ్ళ సంగతీ అంతే. బొమ్మ కింది బిళ్ళను బొటనవేలు, చూపుడువేలుతో గిల్లి పట్టుకుంటే అరగంటలో వేళ్ళు కొంకర్లు పోతాయి. బిళ్ళను పాత రంగు డబ్బా మూతకో, లావు బిరడాకో బంకముద్దతో అంటించి, దాన్ని గుప్పిట్లో పట్టుకోండి. రెండు మణికట్లూ ఒకదానికొకటి ఆనించండి. అప్పుడు బొమ్మ, కుంచె రెండూ కలిసే కదులుతాయి గనక గీత వంకర పోదు. ఎంత ఆరోగ్యవంతుడి చెయ్యి అయినా సెకనుకు 8 నుంచి 12 సార్లు సన్నగా వణుకుతుంది. మామూలుగా అది కంటికి ఆనదు. అలిసినప్పుడు, కాఫీ ఎక్కువైనప్పుడు పెరుగుతుంది. అర మిల్లీమీటరు కన్ను దగ్గర ఆ కాస్తా చాలు.

ఇంత అలిసినా మనకు తెలియదేం?

ధ్యాసంతా కుంచె మొన మీదే ఉంటుంది గనక. ఇష్టమైన పనిలో మునిగితే ఆకలీ టైమూ రెండూ గుర్తుండవు. నొప్పి మనసుకు చేరేసరికి ఆలస్యమవుతుంది, బొమ్మ మీద మాత్రం ముందే కనబడుతుంది. గమనించండి. మొదటి అరగంటలో భుజకవచం అంచున వెంట్రుకంత సన్నగా పడిన గీత, తర్వాత తర్వాత దారమంత లావవుతుంది. రంగును నీళ్ళతో పలచన చేసే ఓపిక తగ్గి, డబ్బాలోంచి నేరుగా ముంచుతాం. అది గరుకుగా పేరుకుంటుంది. ఒకచోట తప్పు పడితే సరిదిద్దుతాం, ఆ దిద్దుబాటు పక్క రంగుకు తగులుతుంది, దాన్నీ దిద్దుతాం. ఒకే చోటును మూడోసారి దిద్దుతున్నారంటే కుంచె కింద పెట్టాల్సిన సమయం వచ్చిందని గుర్తు. ఆ తర్వాత చేసే పనిలో చాలాభాగం రేపు చెరిపేదే.

లేవాలనుకున్నా లేవలేకపోతే?

చాలామందిని కుర్చీకి కట్టేసేది పాలెట్ మీద ఆరిపోతున్న రంగు. ఆక్రిలిక్ రంగు త్వరగా ఆరుతుంది. మన ఎండాకాలంలో ఫ్యాన్ కింద అయితే చుక్క వేసిన కొద్ది నిమిషాల్లోనే పైన పొర కడుతుంది. కష్టపడి కలుపుకున్న రంగు పాడవుతుందని ‘ఇదొక్కటీ అయ్యాక’ అంటూ సాగదీస్తాం. దీనికి వెట్ పాలెట్ మంచి మందు. మూత ఉన్న పల్చటి డబ్బాలో తడిపిన స్పాంజి పరిచి, దాని మీద బేకింగ్ కాగితం వేసి, ఆ కాగితం మీద రంగు కలుపుకోవాలి. కింది తడి పైకి వస్తూ రంగును ఆరనివ్వదు. మూత పెట్టి లేస్తే భోజనం చేసొచ్చినా రంగు అలాగే ఉంటుంది.

పని వరసను కూడా విశ్రాంతికి తగ్గట్టు పేర్చుకోవచ్చు. కళ్ళు, మొహాలు మొదటి గంటలోనే చేసేయండి, అప్పుడే చూపూ చెయ్యీ తాజాగా ఉంటాయి. మడతల్లో నీడ కోసం పూసే వాష్ ఆరడానికి అరగంట దాకా పడుతుంది, ఆలోగా తాకితే మరక పడుతుంది. కాబట్టి వాష్ పూయగానే లేవండి. టీ, స్నానం, కూరగాయలకు వెళ్ళిరావడం, అన్నీ ఆ అరగంటలో పెట్టుకోండి. బిళ్ళ మీద ఇసుక అంటించడం, బిళ్ళ అంచుకు నల్లరంగు వేయడం లాంటి మొరటుపని చివరికి ఉంచండి.

కళ్ళకు తెరిపి ఇచ్చే ప్రతిసారీ కుంచె కూడా కడగండి. ఆక్రిలిక్ మెల్లగా పైకి పాకి, కుంచె లోహపు కట్టులో చేరి గట్టిపడితే వెంట్రుకలు చీలిపోతాయి. మళ్ళీ మొన రాదు. విక్టోరియా రాణి కోసం 1866లో తయారైన విన్సర్ అండ్ న్యూటన్ సిరీస్ 7 కుంచెలను ఈ సరదా ఉన్నవాళ్ళు ఇప్పటికీ డబ్బు పోగేసి కొంటారు. కడగకుండా నాలుగు గంటలు ఏకబిగిన వాడితే అంత మంచి కుంచె కూడా చీపురు అవుతుంది.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి?

కూర్చున్న ప్రతిసారీ తలనొప్పి వస్తుంటే, ఒక్కటి రెండుగా కనబడుతుంటే, దూరం చూసినా మసక విడవకపోతే కళ్ళ డాక్టర్‌కు చూపించుకోండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి, ఆ తిమ్మిరికి రాత్రిళ్ళు మెలకువ వస్తుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందేమో చూపించుకోవాలి. విశ్రాంతి ఇస్తే తగ్గే నొప్పి వేరు, మర్నాటికీ ఉండే నొప్పి వేరు.

నా హద్దు ఎంతో నేనెలా తెలుసుకోవాలి?

పై అంకెలన్నీ మొదలుపెట్టడానికి పనికొస్తాయి. మీ సొంత అంకె మీ దళమే చెబుతుంది. ఈసారి ఒకే రకం సైనికులను పదిమందిని తీసుకోండి. ఒకరి తర్వాత ఒకరికి, అదే పని, ఉదాహరణకు అంచుల గీతలు, ఆపకుండా వేయండి. వేసిన వరసలో బిళ్ళ అడుగున 1 నుంచి 10 దాకా పెన్సిల్‌తో అంకె రాసి, పక్కన టైమ్ వేయండి. అప్పుడే చూసి తీర్పు ఇవ్వకండి, కళ్ళు అలిసి ఉంటాయి. మర్నాడు పొద్దున వెలుతురులో పదిమందినీ కలిపేసి, బాగున్నవాళ్ళను ఒకవైపు, గీతలు లావెక్కినవాళ్ళను ఒకవైపు పెట్టండి. తర్వాత బిళ్ళలు తిప్పి అంకెలు చూడండి. ఏడో సైనికుడి నుంచి గీత చెడితే, ఆరోవాడు పూర్తయిన టైమే మీ హద్దు. వచ్చేవారం అలారం దానికి పది నిమిషాల ముందుకు పెట్టుకుని, మళ్ళీ ఒక దళంతో చూడండి. ఇంట్లోవాళ్ళు లేవమని పోరింది సరైన సమయానికేనో కాదో కూడా అప్పుడే తేలిపోతుంది.