లాల్‌బాగ్‌కి పూల కోసమేనా? ఆ బండ కూడా చూడండి

ఊరి నుంచి చుట్టాలు వచ్చారంటే బెంగుళూరులోని మన తెలుగు ఇళ్లలో మొదట వినిపించే పేరు లాల్‌బాగ్. అదీ ఎక్కువగా జనవరి 26కో, ఆగస్టు 15కో జరిగే పూల ప్రదర్శనకే. గంటసేపు క్యూలో నిలబడి, పూలతో కట్టిన బొమ్మ ముందు ఫోటో దిగి, ఎదుటివాళ్ల వీపులు చూసుకుంటూ బయటికి వచ్చేస్తాం. పూలు బాగుంటాయి, కాదనను. కానీ తోటను చూడాలంటే మామూలు రోజు పొద్దున్నే వెళ్లడమే మేలు.

వెళ్తే మొదట బండ ఎక్కండి. పైన చిన్న గోపురం ఉంటుంది, అది కెంపేగౌడల కాలం నాటిది. ఇలాంటివి ఊరికి నాలుగు దిక్కులా నాలుగున్నాయి. ఊరు ఆ హద్దులు దాటి ఎంత దూరం పెరిగిందో అక్కడ నిలబడి చూస్తే తెలుస్తుంది. బెంగుళూరు కట్టిన కెంపేగౌడ తెలుగులో 'గంగాగౌరీ విలాసం' అనే యక్షగానం రాశాడని చెబుతారు. ఈ ఊళ్లో మన భాష ఐటీ కంపెనీలతో పాటు వచ్చింది కాదు.

గోపురం కన్నా బండది చాలా పెద్ద వయసు. సుమారు 300 కోట్ల సంవత్సరాలు. భూమి లోతుల్లో విపరీతమైన వేడికి, ఒత్తిడికి లోనై మారిన రాయి ఇది, నైస్ అంటారు. వంగి దగ్గరగా చూస్తే తెల్లటి, నల్లటి చారలు కనిపిస్తాయి. తెల్లవి పలుగురాయి లాంటి ఖనిజాలు, నల్లవి అభ్రకం లాంటివి. మెత్తబడిన స్థితిలో నలిగినందుకే ఆ చారలు అక్కడక్కడా మెలికలు తిరిగి ఉంటాయి. దీన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించారు. దీని పైన జారుడుబండ ఆడుకునే పిల్లలకు ఒక్కసారి ఆ చారలు చూపించండి. కాస్త తేడాలతో ఇదే జాతి రాయి కోలారు దాటి చిత్తూరు, అనంతపురం దాకా మన నేల కింద పరుచుకుని ఉంది.

తోట సంగతికొస్తే, 1760లో హైదర్ అలీ మొదలుపెట్టాడు. సిరాలోని మొఘలు తోట చూసి ముచ్చటపడ్డాడంటారు. టిప్పు సుల్తాన్ దూరదేశాల నుంచి విత్తనాలు, మొక్కలు తెప్పించాడు. 1856లో ఇది ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానవనం అయింది. అద్దాల మేడకు 1889లో పునాది వేశారు. ఇప్పుడు తోట విస్తీర్ణం 240 ఎకరాలు. చెరువు వైపు వెళ్తే పాత తెల్ల బూరుగు చెట్టు కనబడుతుంది. దాని వేళ్లు పలకల్లా నేల మీద లేచి ఉంటాయి.

ఈ తోటకూ మన వంటింటికీ ఒక చుట్టరికం ఉంది. పప్పులో, సాంబారులో వేసే బెంగుళూరు వంకాయ ఉంది కదా, తొక్కతో పచ్చడి కూడా చేస్తాం. అది నిజానికి వంకాయ కాదు, సొర, దోస కుటుంబానికి చెందిన తీగ. సొంత ఊరు మెక్సికో ప్రాంతం. పంతొమ్మిదో శతాబ్దం చివర లాల్‌బాగ్ చూసుకున్న జాన్ కామెరాన్ దాన్ని ఇక్కడికి తెచ్చి పెంచాడు. కన్నడిగులు సీమె బదనెకాయి అన్నారు. మనం మాత్రం ఊరి పేరే పెట్టేశాం.

ఇదంతా ఇప్పుడు చెప్పడానికి కారణం ఉంది. 2025లో హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డు దాకా సొరంగ రోడ్డు వేస్తామని, దానికి లాల్‌బాగ్‌లో ఆరెకరాలు కావాలని వార్త వచ్చింది. నడకకు వచ్చేవాళ్లూ, శాస్త్రవేత్తలూ గట్టిగా అడ్డుచెప్పారు. వేరే స్థలం చూస్తామని ప్రభుత్వం వైపు నుంచి మాట వచ్చింది. ట్రాఫిక్ బాధ అబద్ధం కాదు, సిల్క్ బోర్డు దగ్గర ఇరుక్కున్నవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. అయినా చెట్లు పోతే ఇంకోచోట నాటుతామనొచ్చు, తొలిచిన బండను ఎక్కడ నాటుతారు? ప్రభుత్వ పార్కుల స్థలం అన్యాక్రాంతం కాకూడదని కర్ణాటకలో 1975 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది. సొరంగం మాట మళ్లీ ఎత్తినప్పుడు, అభిప్రాయ సేకరణ జరిగితే, పన్ను కట్టే ఊరివాళ్లుగా మనమూ రాయొచ్చు. తెలుగువాళ్లం కదా అని వెనక నిలబడాల్సిన పని లేదు.

గ్రీన్ లైన్ మెట్రోలో లాల్‌బాగ్ స్టేషన్‌లో దిగితే పడమటి గేటు దగ్గరే. బండకు అక్కడి నుంచి కొంచెం నడవాలి. వానపడ్డ రోజు జారుతుంది, పెద్దవాళ్లను కిందే చెట్టు నీడన కూర్చోబెట్టండి.