దత్తాంశమునకు ఎంత గాదె కావలెను?

పాల్మాకులకు చేరువలోని శంషాబాదు విమానాశ్రయము ఏటికి 1.2 కోట్ల ప్రయాణికులకు సరిపడునట్లు 2008 మార్చిలో ప్రారంభమైనది. రద్దీ పెరుగగా ఆ సామర్థ్యమును 3.4 కోట్లకు విస్తరింపవలసి వచ్చినది. డేటాబేసు అను దత్తాంశ నిధికిని ఇట్టి ముందుచూపే అవసరము. భేదమొక్కటే: ప్రయాణికుడు వచ్చి వెళ్ళిపోవును, అతని వివరము నిలిచియుండును.

దినమునకు 60,000 మంది వత్తురనియు, ఒక్కొక్కరి వివరము 2,000 బైట్లనియు అనుకొందము. దినమునకు 12 కోట్ల బైట్లు. ఏటికి సుమారు 44 గిగాబైట్లు. వెదకుటకు తోడ్పడు సూచికలకై అందులో సగము చేర్చిన 66. వేరొకచోట దాచు నకలుతో 132. రద్దీ ఏమాత్రము పెరుగకున్నను, మూడవ ఏటి చివరకది 396 అగును. ఏటేట పదవవంతు పెరిగినచో సుమారు 437.

కావున ఎంత వచ్చుచున్నదో తెలిసికొనిన పిదప, ఎన్నేండ్లు ఉంచవలెనో నిర్ణయింపవలెను. గాదె నిండినచో ధాన్యమును బస్తాల కెత్తవచ్చును. డిస్కు నిండినచో క్రొత్త వివరము చేరదు, పని యక్కడనే నిలిచిపోవును. నెలనెలకు పెరిగిన మేరను కొలిచి, లెక్కను సవరించుకొనుచు, కొంత ఖాళీని ముందుగనే విడుచుట క్షేమము.